రెక్కలన్నకు కన్నీటి నివాళి

శుక్రవారం పొద్దున మల్లన్న పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు లాల్‌దర్వాజా మలుపు దగ్గర పదిమంది నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని గంటసేపు మౌనంగా కూర్చోవాలి. తర్వాత తలా ఒక చాయ్ తాగి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోవాలి. మల్లన్న సిటీ బస్సు కండక్టరు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కాలి.

ఆ మౌనం ఒక సినిమా హీరో కోసం. ‘ఉక్కురెక్కలు’ పేరుతో పద్నాలుగేళ్లలో మూడు సినిమాలు వచ్చాయి. నీలం సూటు, మొఖానికి ముసుగు, వీపున ఇనుపరెక్కలతో ఎగిరే ఆ హీరోను అభిమానులు రెక్కలన్న అని పిలుచుకుంటారు. ఇప్పుడు సినిమా కంపెనీవాళ్లు ఆ మూడింటినీ లేనట్టే తుడిచేసి, కొత్త కుర్రాణ్ణి పెట్టి కథను మళ్లీ మొదటినుంచి తీశారు. సూటు నల్లగా అయింది. రెక్కలు సన్నబడ్డాయి. అదయినా మల్లన్న సర్దుకునేవాడే. కానీ పాత సినిమాలో హీరో ఎగురుకుంటూ ఆసుపత్రికి చేరేసరికి తండ్రి కన్నుమూసి ఉంటాడు. ఆ దుఃఖంలోనే వాడు రెక్కలన్న అవుతాడు. కొత్త సినిమాలో తండ్రి చావడట. ఈ సంగతి ముందే బయటికి పొక్కింది.

“బాపు సావకుంటే వాడు హీరో ఎట్లయితడు?” అని అభిమాన సంఘం మీటింగులో మల్లన్న అడిగాడు. కొత్త సినిమా చూసినవాడు మనవాడు కాడని అందరూ ప్రమాణం చేశారు. ప్రమాణపత్రం రాసింది మల్లన్నే. ముప్పైతొమ్మిదేళ్లొచ్చినా పెళ్లి కాని మల్లన్నకు ఆ సంఘం అధ్యక్ష పదవి ఒక్కటే ఇంటి బయట ఉన్న సంసారం.

ప్రమాణం చేయనివాడు ఒక్కడే. మల్లన్న సొంత తమ్ముడు సాయిలు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పాత సినిమాలు విడుదలైనప్పుడల్లా నీలం సూటు వేసుకుని ఆటో మీద నిలబడి థియేటర్‌దాకా ఊరేగింది వాడే. ఐదు నెలల కింద కొత్త సినిమా ట్రైలర్ వచ్చిన రోజు, సంఘం వాట్సాప్ గ్రూపులో “మంచిగనే ఉన్నట్టుంది” అని ఒక ముక్క రాశాడు. మల్లన్న వాణ్ణి గ్రూపులోంచి తీసేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. వారం తిరగకుండా సాయిలు భార్య అమలను తీసుకుని సంతోష్‌నగర్‌లో అద్దె ఇంటికి మారిపోయాడు. అప్పటినుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. తల్లి మాణిక్యమ్మ లాల్‌దర్వాజాలో మల్లన్న దగ్గరే ఉండిపోయింది. ఒక సినిమా కోసం ఇల్లు రెండు ముక్కలయిందని ఎవరికైనా చెప్పుకోవాలంటే ఆమెకు సిగ్గుగా ఉండేది.

మౌనానికి వెనక ఒక ఫ్లెక్సీ కావాలి కదా. ఫ్లెక్సీలు వేసే దీక్షిత్‌కు మల్లన్న ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపాడు. “మా రెక్కలన్నకు కన్నీటి నివాళి అని పెద్దగ రాయి. కింద ‘నువ్వు లేని లోకం మాకొద్దు. ఇట్లు, అన్న మల్లన్న’ అని పెట్టు. ఫోటో నీ దగ్గర ఉన్నదే, నీలం సూటుది.”

దీక్షిత్ దగ్గర నీలం సూటువి రెండు ఫోటోలున్నాయి. సినిమాలోది పెద్దగా సాగదీస్తే గళ్లుగళ్లుగా పగిలిపోతోంది. రెండోది మూడో సినిమా ఊరేగింపులో తీసింది. అందులో సాయిలు చాయ్ తాగడానికి ముసుగు నుదిటిమీదికి ఎత్తుకుని నవ్వుతున్నాడు. బొమ్మ అద్దంలా ఉంది. ‘ఇట్లు, అన్న మల్లన్న’ అన్న మాట విని దీక్షిత్‌కు మనసు కలుక్కుమంది. పాపం, చిన్న వయసు అనుకుని, అడగకుండానే రెండు తెల్లపావురాలు, ఒక దీపం, పైన ‘అకాల మరణం’ అన్న మాటా చేర్చి శ్రద్ధగా వేశాడు.

తెల్లవారి ఏడింటికి దాన్ని కట్టింది సంఘం కార్యదర్శి డానియేలు. ఉప్పుగూడ నుంచి నిచ్చెన తెచ్చుకుని, గోడకూ ఫ్లెక్సీకీ మధ్య దూరి, వెనకవైపు నుంచి తాళ్లు బిగించాడు. వెనకనుంచి ఏ ఫ్లెక్సీ అయినా తెల్లగానే ఉంటుంది. కట్టడం అయిపోగానే నల్లరిబ్బన్ కొనడానికి అటునుంచి అటే వెళ్లిపోయాడు.

మొదట చూసింది పూలమ్మే లక్ష్మీకాంతమ్మ. ఆమె పూలగంప అక్కడే దించి నేరుగా మాణిక్యమ్మ దగ్గరికి పోయింది. మల్లన్న అప్పుడు స్నానం చేస్తున్నాడు. లక్ష్మీకాంతమ్మ చెప్పిన మాట విని మాణిక్యమ్మ ఏడవలేదు. పొయ్యి ఆర్పింది. చెప్పులు వేసుకుంది. గడప దిగి సంతోష్‌నగర్ ఆటో ఎక్కింది. మల్లన్న బయటికొచ్చి చూస్తే తల్లి లేదు. గుడికి పోయిందేమో అనుకుని నల్లబ్యాడ్జీ పెట్టుకుని, సందులోంచి మలుపు దగ్గరికొచ్చి, ఫ్లెక్సీకి వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. సంఘంవాళ్లు ఆరుగురు అప్పటికే తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకడు ఫ్లెక్సీ చూసి కళ్లు తుడుచుకున్నాడు. అన్నను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పావుగంటలో జనం పోగయ్యారు. రెక్కలన్నకు ఇంతమంది అభిమానులున్నారని మల్లన్నకే తెలియదు. కిరాణా హోల్‌సేల్ వ్యాపారి బసవయ్య ఎప్పుడూ సినిమాల ఊసెత్తడు. ఆయన కూడా పెద్ద పూలదండ పట్టుకుని వచ్చి మల్లన్న పక్కన కూర్చున్నాడు.

“ఎట్ల పోయిండు మల్లన్నా?”

“ఏం జెప్పాలె సేట్. కంపెనీవాళ్లు సంపిండ్రు.”

“ఏ కంపెనీ?”

“బొంబాయిది. రెండేండ్ల సంది లోపల్లోపల ప్లాన్ జేసిండ్రంట. మొఖం గుర్తువట్టరాకుంట మార్చిండ్రు.”

బసవయ్య దండ పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. “కేసు వెట్టినవా?”

“మూడు లచ్చలమంది సంతకాలు వెట్టినం సేట్. ఎవడు వట్టించుకోలే. ఇయ్యాల పొద్దున ఎనిమిదింటికి థియేటర్ల వడ్డది.”

“ఆపరేషన్ థియేటర్లనా?”

“అన్ని థియేటర్లల్ల.”

బసవయ్య లేచి పక్కకు పోయి తనకు తెలిసిన నలుగురికి ఫోన్లు చేశాడు. తొమ్మిదిన్నరకల్లా శవాన్ని పెట్టే ఐసు పెట్టె ఒకటి ఆటోలో వచ్చింది. దాని వెనకే ఎవరో మాట్లాడిన డప్పులవాళ్లు వచ్చారు. అభిమానం మరీ హద్దు దాటిందని మల్లన్నకు మొదటిసారి అనిపించింది. డానియేలు బాగా ఖర్చు చేయిస్తున్నాడని కోపం వచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. అమల. ఐదు నెలల్లో ఆ నంబర్ నుంచి ఇదే మొదటి ఫోన్.

“బావా, ఆయనకేమైంది?” అమల ఒక్క గుక్కలో చెప్పుకుపోయింది. “ఎవరో ఫ్లెక్సీ ఫోటో పంపిండ్రు. అత్తమ్మ గూడ ఈడికే వొచ్చింది. మాట్లాడ్తలేదు, ఊకె గోడకు గూసుంది.”

మల్లన్న వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వైపు చూశాడు. రెండు పావురాల మధ్య తమ్ముడు నవ్వుతున్నాడు.

“ఏం కాలే తల్లీ. ఫోటో తప్పువడ్డది. నీ మొగడు మంచిగున్నడు.”

“మరి ఫోనెందుకు కలుస్తలేదు? డ్యూటీ అని ఏడింటికి వోయిండు. ఆఫీసుల అడిగితే ఇయ్యాల రాలేదన్నరు.”

మల్లన్న ఫోన్ పెట్టేసి సాయిలు నంబర్ నొక్కాడు. స్విచ్ ఆఫ్. మళ్లీ నొక్కాడు. మూడోసారీ అదే మాట. లైన్‌మన్ పని. స్తంభం ఎక్కినవాడు దిగేదాకా భయమే అని తల్లి రోజూ అనే మాట చెవుల్లో మోగింది. చుట్టూ డప్పులు వేడిచేసుకుంటున్నారు. ఫ్లెక్సీ తప్పు అని తనకొక్కడికే తెలుసు. ఆ తప్పే నిజమైతే ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

అప్పుడు మల్లన్నకు ఇంకో శుక్రవారం గుర్తొచ్చింది. మూడేళ్ల కింద మూడో సినిమా విడుదలైన రోజు, ఆట మధ్యలో మోగకూడదని అన్నదమ్ములిద్దరూ మొక్కులా ఫోన్లు ఆపేసుకుని లోపలికి పోయారు. బాపు పోచయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ రోజే ఛాతీనొప్పితో ఇంట్లో కూలబడ్డాడు. తల్లి ఇద్దరికీ ఇరవైసార్లకు పైగా ఫోన్ చేసింది. వీళ్లు ఈలలు వేసి, బయటికొచ్చి, చాయ్ కూడా తాగి ఫోన్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

సాయిలు ఫోన్ ఆపేసి ఎక్కడుంటాడో మల్లన్నకు అర్థమైంది. అయినా చూసేదాకా నమ్మకం లేదు. డప్పులవాళ్లను ఆగమని కూడా చెప్పకుండా ఆటో ఎక్కాడు.

సంతోష్‌నగర్ దగ్గరి థియేటర్‌లో గేటు దగ్గర మనిషి అడ్డం నిలబడ్డాడు. “టికెట్?”

“సినిమాకు గాదు భాయ్. లోపల మా తమ్ముడున్నడా, సచ్చిండా సూసొస్త.”

“సినిమా గంత ఖరాబుగ లేదు. టికెట్ తీస్కో.”

ప్రమాణపత్రం రాసిన చేత్తోనే మల్లన్న టికెట్ తీసుకున్నాడు. చీకట్లో ఫోన్ లైటు వేసి ఒక్కో వరసా వెతికాడు. “కూసో కాకా” అని నాలుగువైపులనుంచీ అరిచారు. పదకొండో వరస చివర, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లాడిలా సాయిలు కూర్చుని ఉన్నాడు. మల్లన్న పక్క సీట్లో కూలబడ్డాడు. తిడదామని నోరు తెరిచాడు.

సాయిలు తెరమీదినుంచి చూపు తిప్పలేదు. అన్న రావడం వాడికి వింతగా కూడా అనిపించినట్టు లేదు. “కూసో అన్నా. గిప్పుడే వస్తది.”

తెరమీద కొత్త కుర్రాడు వానలో ఎగురుతున్నాడు. సన్నరెక్కల్లో ఒకటి విరిగింది. ఆసుపత్రి మెట్లమీద పడ్డాడు, లేచాడు, పరుగెత్తాడు. మంచం మీద తండ్రి కళ్లు తెరిచి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

“వీడు టైముకొచ్చిండన్నా,” అన్నాడు సాయిలు.

తెరమీద తండ్రి మంచంమీద లేచి కూర్చుని కొడుకుతో ఏవేవో మాట్లాడుతున్నాడు. ఆ మాటలేమిటో మల్లన్నకు వినపడలేదు. చొక్కాకున్న నల్లబ్యాడ్జీతోనే మొఖం తుడుచుకున్నాడు. సినిమా అయిపోయేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

బయట ఎండలోకి వచ్చాక గాని అసలు విషయం మల్లన్నకు జ్ఞాపకం రాలేదు. “అరే, నువ్వు సచ్చిపోయినవ్ రా.”

“ఎప్పుడు?”

“పొద్దున ఏడింటికి.”

సాయిలు ఫోన్ తెరిచాడు. నూట పన్నెండు మిస్స్‌డ్ కాల్స్. ఆ అంకె చూసి వాడి మొఖం తెల్లబోయింది. మల్లన్న వాడి భుజం పట్టుకుని ఆటో ఎక్కించాడు.

సాయిలు ఇంటి గడపలోకి రాగానే మాణిక్యమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎవరు చెప్పిందీ వినకుండా కొడుకు మొఖాన్ని రెండు చేతులతో తడిమింది. చెంపలు, చెవులు, మెడ. ఆ తర్వాత వీపుమీద రెండు దెబ్బలు వేసింది. మల్లన్న తప్పించుకోబోయాడు కానీ ఆయనకూ రెండు పడ్డాయి. అమల తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఆ రోజు మల్లన్న డ్యూటీకి పోలేదు.

చచ్చినవాడు బతికినందుకు సంతోషించింది ఆ ఇంట్లోవాళ్లే. లాల్‌దర్వాజాలో చాలామందికి కోపం వచ్చింది. నల్గొండ నుంచి బయల్దేరిన అమల పుట్టింటివాళ్లు దారిలో సంగతి తెలిసి కూడా, వచ్చినందుకైనా భోజనం చేసే పోతామన్నారు. బసవయ్య దండ వెనక్కి పట్టుకుపోవడం బాగుండదని మహంకాళి గుళ్లో ఇచ్చాడు. ఐసు పెట్టె ఆటోవాడు, పెట్టె ఖాళీగా తిరిగిపోవడం తన సర్వీసులో ఇదే మొదలని అందరికీ చెప్పుకున్నాడు. దీక్షిత్ మాత్రం “ఏమన్నను అన్నా, ఫోటో మంచిగొచ్చింది గదా” అన్నాడు.

సాయంత్రానికి అసలు దెబ్బ పడింది. థియేటర్ నుంచి కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తున్న మల్లన్న ఫోటో ఎవరో గ్రూపులో పెట్టారు. చొక్కామీద నల్లబ్యాడ్జీ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. సంఘం అత్యవసరంగా కూడింది. ప్రమాణపత్రం తెచ్చి చదివారు. మల్లన్న దస్తూరీ కనుక చదవడం కష్టమేమీ కాలేదు. డానియేలు అధ్యక్షుడయ్యాడు. మల్లన్నను గ్రూపులోంచి తీసేసేటప్పుడు డానియేలు ఫోన్ చేసి, “మాఫ్ జెయ్యి అన్నా, రూలు నువ్వు రాసిందే” అన్నాడు. మల్లన్న “సరే తియ్యి” అన్నాడు. పద్నాలుగేళ్ల పదవి ఒక్క వేలుతో పోయింది. ఆ రాత్రి అన్నం సగం వదిలేసి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున సాయిలు, అమల లాల్‌దర్వాజాకు వచ్చారు. అందరూ చాయ్ తాగుతుంటే మాణిక్యమ్మ గ్లాసు కింద పెట్టి అడిగింది. “ఆ సినిమాల బాపు బతుకుతడంట గదా. నన్ను గూడ తోల్కపోండ్రి.”

పోచయ్య పోయాక ఆమె థియేటర్ గడప తొక్కలేదు. సాయిలు అన్న మొఖం చూశాడు. మల్లన్నే నాలుగు టికెట్లు తెచ్చాడు.

మ్యాట్నీ ఆటకు ఇద్దరు కొడుకుల మధ్య కూర్చుని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఎగరడాలు, పేలుళ్లు వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. ఆసుపత్రి ఘట్టం రాగానే కళ్లు తెరిచి ముందుకు వంగింది. తెరమీద తండ్రి మంచంమీద లేచి కూర్చున్నాడు. కొడుకు తల నిమురుతూ కన్నబాధ చెప్పాడు, పెంచినబాధ చెప్పాడు, దేశాన్ని ఎలా కాపాడాలో చెప్పాడు. ఆగకుండా నాలుగు నిమిషాలు చెప్పాడు. హాలంతా ముక్కులు చీదుతున్నారు. మల్లన్న ఒకవైపు, సాయిలు ఇంకోవైపు ఏడుస్తున్నారు. తల్లిని చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

మాణిక్యమ్మ ఆ మాటలన్నీ చివరిదాకా విని, సీటుకు చేరగిలబడి, మెల్లగా అంది.

“మీ బాపు గంతగనం యాడ మాట్లాడుతుండె.”