డేగ చావాల్సిన రోజు

ఆ ఉదయం రచయిత పెట్టుకున్న పనులు రెండే. డేగను చంపడం, ఆ తర్వాత కాస్త పడుకోవడం.

డేగ ఆయన నవలల్లోని అపరాధ పరిశోధకుడు. ఇరవై ఏళ్లుగా, ముప్ఫై రెండు నవలలుగా ఆయన మెడకు చుట్టుకున్నవాడు. ఇన్నాళ్లూ తిండి పెట్టినవాడే, కాదనకూడదు. కానీ ఇప్పుడు ఆ పేరు రాయాలంటేనే చెయ్యి బరువెక్కుతోంది. ఎంతో బతిమాలితే ప్రచురణకర్త ఒక మెట్టు దిగాడు. మధ్యాహ్నం పన్నెండులోపు చివరి అధ్యాయం అందితే డేగ చావొచ్చు. దాటితే ముగింపు ప్రచురణకర్త ఇష్టం.

చావు పథకం సిద్ధంగా ఉంది. శత్రువు డేగను ఒక గదిలోకి తోసి బయట గడియ పెడతాడు. డేగ తలుపు సందులోంచి దారం పంపి గడియ లాగబోతాడు, దారం తెగుతుంది, లోపలే ఊపిరాడక చస్తాడు. దారం నిజంగా తెగుతుందా? చేసి చూడనిదే రాయడం ఆయన వల్ల కాదు. అందుకని భార్యను పిలిచి, తనను స్టోర్‌రూమ్‌లో పెట్టి గడియ వేయమన్నాడు. ఇంతకుముందు ఆవిడ జాలిపడి మధ్యలో తలుపు తీసేసి రెండు హత్యలు చెడగొట్టింది. ఈసారి ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"ఎంత అరిచినా తీయకు. ఇది నాటకం కాదు, నిజమేనని ఏడ్చినా తీయకు. డేగ కూడా అలాగే ఏడుస్తాడు."

ఎప్పటిదాకా అని ఆవిడ అడిగేలోపే లోపలికి వెళ్లిపోయాడు.

దారం తెగింది. రచయిత తృప్తిపడి, ఇక చాలు, తీయమన్నాడు. ఆవిడ తీయలేదు. ఒట్టు రద్దు చేశానన్నాడు. డేగ కూడా ఇదే అంటాడు కదా అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే కట్ చేసింది. ఇంత నిజాయితీగల మనిషిని కట్టుకున్నందుకు ఆయన మొదటిసారి బాధపడ్డాడు.

తలుపు బాదుడు విని పక్కింటి రిటైర్డ్ పోలీసాయన వచ్చాడు. రచయితకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పోలీసాయన తలుపుకు చెవి ఆనించి, ఆ కేకలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"ముప్ఫై ఏళ్లు అసలు కేకలు విన్నానమ్మా. ఇందులో ప్రాణభయం లేదు, విసుగే ఉంది" అని భార్యకు తేల్చి చెప్పి, పోతూ పోతూ పై గడియ కూడా వేశాడు.

పదకొండున్నరకు రచయిత ప్రచురణకర్తకు ఫోన్ చేశాడు. గదిలో ఇరుక్కుపోయానని మొదలుపెట్టగానే అవతలి గొంతు వెలిగిపోయింది.

"ఆగండి గురువుగారూ, రికార్డు పెడుతున్నాను. ఊఁ, చెప్పండి."

ఇది అధ్యాయం కాదని రచయిత మూడుసార్లు చెప్పాడు. అదీ రికార్డయింది. ఇక ఓపిక చచ్చి, అమ్ముడుపోని తన పుస్తకాల కట్టల మీద కూలబడి, ఉన్నదే చెప్పాడు. "ఊపిరాడటం లేదయ్యా. అరిస్తే ఎవరూ నమ్మరు, నమ్మకుండా చేసుకున్నది నేనే. ఇరవై ఏళ్లుగా ఇదే పని. అలిసిపోయాను, నన్ను వదిలెయ్యండి." అక్కడికి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

ఒంటిగంట దాటాక తలుపు తెరుచుకుంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టానండీ. భోజనం చల్లారిపోతోంది" అంది భార్య.

ఆయన భోజనం మాట పక్కన పెట్టి, ఆవిడ ఫోన్ లాక్కుని ప్రచురణకర్తకు చేశాడు. అక్కడ రికార్డు చేసిందంతా టైపు చేయించి, డేగ మాటలుగా మార్చి, పన్నెండుకు ఐదు నిమిషాల ముందే ప్రెస్‌కు పంపేశారు. మీరు ఇంత బాగా ఎప్పుడూ రాయలేదని, టైపు చేసినావిడ కళ్లు తుడుచుకుందని ప్రచురణకర్త పొంగిపోయాడు.

"చచ్చాడా?" అన్నాడు రచయిత.

"చావడమేంటండీ, గదిలోనే ఉన్నాడు. వచ్చే నవల దాకా పాఠకులకు నిద్రపట్టదు. ఇంతకీ బయటికెలా వస్తాడు?"

రచయితకు తెలిసిన దారి ఒక్కటే. "భార్య తలుపు తీస్తుంది."

"డేగకు పెళ్లి కాలేదు కదండీ."

మర్నాడు ఉదయం రచయిత బల్ల ముందు కూర్చుని, గదిలో ఉన్న మనిషికి సంబంధం వెతకడం మొదలుపెట్టాడు.