ఏడో గడిలో ఏం రాయాలి?

లోకానికి నాలుగు దిక్కులున్నట్టే నటీమణికి నాలుగు దశలుంటాయని పాత్రల కేటాయింపు కార్యాలయం ఎన్నడో తేల్చేసింది: ప్రియురాలు, వదిన, అమ్మ, గోడ మీద ఫోటో. (నటులకు ఒక్కటే దశ. వాళ్ళ దరఖాస్తు ఒకసారి ఇస్తే చివరిదాకా చెల్లుతుంది.)

మన నటి ఇరవై రెండో ఏట రంగస్థలం మీద ఎనభై ఏళ్ళ మహారాణిగా వేసి ఔరా అనిపించుకున్న మనిషి. తెరకెక్కాక ఒకే హీరోకు ఏడు సినిమాల్లో ప్రియురాలైంది. నలభై రెండు నిండగానే కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది: 'మీకు అమ్మగా పదోన్నతి కల్పించడమైనది. అభినందనలు.' కొడుకెవరయ్యా అంటే, ఆ హీరోయే. ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్ద.

ఆమెకు కావలసింది వేరే. ఒక రచయిత్రి ఆమె కోసమే జడ్జి పాత్ర రాసింది. జడ్జిగారి వయసూ నలభై రెండే. ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోపు దరఖాస్తుకు ఆమోదం రాకపోతే ఆ పాత్ర ఇరవై నాలుగేళ్ళ అమ్మాయికి, జుట్టుకు పూసే తెల్లరంగు డబ్బాతో సహా, వెళ్ళిపోతుంది. మూడున్నరకు ఆమె వంతు వచ్చింది. (క్యూలో ఆమె వెనకే నేనున్నాను. నా పని చిన్నది, చెప్పుకోదగ్గది కాదు.)

"ఏడో గడి ఖాళీగా వదిలేశారేంటి మేడమ్? హీరోకి మీరేమవుతారు?" అన్నాడు గుమస్తా.

"ఏమీ అవనండి. ఈ కథలో హీరో లేడు."

గుమస్తా మంచినీళ్ళు తాగి, సూపరింటెండెంటును పిలుచుకొచ్చాడు.

"హీరో లేకపోతే ఈవిడ ఎవరికోసం ఎదురుచూస్తుందమ్మా?" అన్నాడాయన.

"ఎవరికోసమూ చూడదు. తీర్పు చెబుతుంది."

"చెప్పాక? ఇంటికెళ్ళి ఎవరికి భోజనం పెడుతుంది?"

"తనే తింటుంది."

ఇటువంటి ఏర్పాటు నిబంధనల్లో లేదు.

వాదించి లాభం లేదనుకుందేమో, ఆమె రెండడుగులు వెనక్కి వేసి, కౌంటరు ముందే ఆ తీర్పు చెప్పింది. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత గొప్ప నటన చూళ్ళేదు తల్లీ! మీ పని నేనే చేసిపెడతా," అంటూ ఏడో గడిని స్వహస్తాలతో నింపాడు: 'అమ్మ.'

హీరో లేని కథలో అమ్మ ఉండడం కుదరదు గనుక సరిగ్గా నాలుగింటికి దరఖాస్తును తిరస్కరించారు. ఆమె కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

నలభై రెండేళ్ళ ఆడమనిషి ఎలా నిలబడుతుందో ఇరవై నాలుగేళ్ళ కొత్త జడ్జిగారికి నేర్పాలని మర్నాడే కార్యాలయం మన నటికి కబురు పెట్టింది. వచ్చేటప్పుడు వయసు ధ్రువీకరణ పత్రం తెచ్చుకోమంది.