తొమ్మిదో షెడ్డుకు ఇద్దరు యజమానులు

“నేరస్థుడు పాతాళంలో దాక్కున్నా సరే, ఈ బాలశౌరి చూపు తప్పించుకోలేడు!”

ఆటోనగర్ మెకానిక్కుల సంఘం ఆఫీసులో ఈ ప్రకటన వినగానే గుమస్తా ఉషశ్రీకి ఒళ్ళు మండింది. హారన్లు అమ్ముకునే బాలశౌరి తన స్కూటర్ తాళం కోసం మూడు రోజులు ఊరంతా గాలించి, చివరికి సొంత జేబులో పట్టుకున్న ఘనుడు. అలాంటివాడి చేతిలో పడింది ఆమె ఉద్యోగం.

కొత్త షెడ్లు నలభై, సభ్యులు నలభై మంది. ఎవరికి ఏదో కంప్యూటరే లాటరీ తీసి తేల్చాలన్నారు. ఉషశ్రీ ఎక్సెల్‌లో ప్రతి పేరు పక్కనా నలభై లోపు ఏదో ఒక అంకె పడే ఫార్ములా పెట్టి, ప్రింటు తీసి గోడకు అంటించింది. రోడ్డు వైపున్న తొమ్మిదో షెడ్డు ఇద్దరికి వచ్చింది. ఉషశ్రీయే డబ్బు తీసుకుని అమ్ముకుందన్నారు. విచారణ బాలశౌరికి అప్పగించి, మధ్యాహ్నంలోగా నిజం తేలకపోతే ఆమెను పనిలోంచి తీసేస్తానన్నాడు అధ్యక్షుడు వెంకటప్పయ్య.

“ఫైలు తెరువమ్మా!” అన్నాడు బాలశౌరి.

తెరిచింది. కంప్యూటర్‌కు తగిలించిన గోడ మీది టీవీలో ఇప్పుడు తొమ్మిది ఒక్కరికే ఉంది. ఇరవైమూడు ముగ్గురికి ఉంది.

“సాక్ష్యం తారుమారు! దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉందండీ!”

“నేను ముట్టుకోలేదండీ,” అంది ఉషశ్రీ ఏడుపు ఆపుకుంటూ.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది!”

ఆమెను లేపి తాను కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఖాళీ గడిలో ‘ముద్దాయి ఉషశ్రీ’ అని కొట్టి ఎంటర్ నొక్కాడు. అందరి అంకెలూ ఒక్కసారిగా మారిపోయాయి.

“ముఠా ఈ వైరు లోపలే ఉంది!” ఇంటర్నెట్ వైరు పీకేసి, మళ్ళీ అదే కొట్టి ఎంటర్ నొక్కాడు. మళ్ళీ మారాయి. బాలశౌరి కుర్చీలోంచి ఎగిరి గోడ దాకా వెళ్ళాడు.

“ఆగవయ్యా,” అన్నాడు వెంకటప్పయ్య. “అమ్మాయి అంత దూరంలో ఉంది. నువ్వు నొక్కినప్పుడల్లా అదే మారుతోంది. తీసిన చీటీని మళ్ళీ చెంబులో వేసి కలిపితే ఒకే నంబరు ఇద్దరికి రాదేంటి?”

ఉషశ్రీకి అప్పుడు అర్థమైంది. ఒకటి నుంచి నలభై దాకా వరసగా రాసింది. ఒక్కోదాని పక్కన కంప్యూటర్ చేత ఇష్టమొచ్చిన పొడుగాటి దశాంశం వేయించి, ఆ దశాంశాలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వచ్చేలా వరస మార్చేసింది. ఇక మారకుండా అంకెలను ఫార్ములా లేకుండా పేర్ల పక్కన అతికించింది. ఒక్క అంకె కూడా రెండుసార్లు రాలేదు.

“నిన్ను అనుమానించడం మాదే తప్పమ్మా, పని చూసుకో,” అన్నాడు వెంకటప్పయ్య.

బాలశౌరి కాలరు సర్దుకున్నాడు. “కేసు ఛేదించింది నేనని మినిట్స్ పుస్తకంలో రాయమ్మా.”

“తప్పకుండా సార్.” ఉషశ్రీ పుస్తకం తీసి, ‘బాలశౌరి గారు తెలియక రెండుసార్లు ఎంటర్ నొక్కారు’ అని గుండ్రంగా రాసి, సంతకానికి అధ్యక్షుడి ముందు పెట్టింది. ఆయన చదివి సంతకం పెట్టేశాడు.