పెండింగు పోయేదాకా పోరు

ముందుగా వినిపించింది మైకు కీచు. తరువాత నలభై బైకుల రొద. ఆ రొద వెనుక నుంచి ఇబ్రహీంపట్నం చౌరస్తాకు ఒక చారిత్రక ప్రకటన వెలువడింది:

"కొత్త ఏటీఎం రిబ్బన్ కటింగుకు నన్ను పిల్వని బ్యాంకుల మన పైసలెందుకుండాలె? ఖాతా బంద్!"

పలికినవాడు రాంచంద్రన్న, మండల నాయకుడు, ప్లాట్లమ్మి ప్రజాసేవ చేసే మనిషి. ఆ మాటలు రాసినవాడు పరమేష్. ఆరేళ్లుగా నినాదాలు రాస్తున్నా, అన్నకు అతడు "కవీ" మాత్రమే. మైకులో ఒక్కసారి తన పేరు వినబడాలని పరమేష్ కోరిక. పేరు వచ్చాకే పెళ్లి అని మూడు సంబంధాలు వాయిదా వేశాడు. ఆ మూడిళ్లలోనూ ఎవరూ బాధపడలేదు.

అన్న త్యాగశీలి. తన పేరున ఒక్క ఖాతా కూడా ఉంచుకోలేదు. మూయబోయే ఖాతా పరమేష్‌ది. అందులో పడే కమీషన్లు అన్నవి. కార్డు అన్న జేబులోది.

బ్యాంకు మేనేజరు రత్నమాల కంప్యూటరు చూసింది. "మూసేస్తామండి. కానీ పొద్దున ఈ కార్డు మీదే పెట్రోలు కొట్టించారు. ఆ డబ్బు బంకుకి చేరలేదు, పెండింగులో ఉంది. చేరేదాకా మూయకూడదు."

"ఎప్పుడు చేర్తది?"

"రెండు మూడు రోజులండి. అప్పటిదాకా కార్డు గీకకండి."

"కుట్ర!" అన్నాడు అన్న మైకులో. చప్పట్లు మోగాయి.

మూడోనాడు అరవై బైకులొచ్చాయి. రావిర్యాల కుర్రాళ్లూ కలిశారు.

"పాతది చేరిందండి. ఇవాళ మళ్లీ గీకారు."

"పెట్రోల్ లేకుంటె ర్యాలీ ఎట్ల తీస్తమమ్మా?"

"ర్యాలీ లేకుండా రండి."

అన్న నిర్ఘాంతపోయాడు. "నడుసుకుంట వచ్చి సంతకం పెట్టిపోతె గది ఉద్యమమెట్లయితది?"

పరమేష్ వెంటనే చీటీ మీద రాశాడు: "పెండింగు పోయేదాకా పోరు, పోరు ఆగేదాకా పెండింగు!" ప్రాస కుదిరిందని మురిశాడు. అర్థం కూడా కుదిరిందని గమనించలేదు.

వారం తిరిగేసరికి ఉద్యమంలోకి హయత్‌నగర్ బిర్యానీ కూడా చేరింది. దానికీ కార్డే గీకారు. ఆ తరువాతి ర్యాలీనాడు బంకులో కార్డు పనిచేయలేదు. కార్యకర్తలు బైకులు నెట్టుకుంటూ, నినాదాలిస్తూ, ఆయాసపడుతూ బ్యాంకు చేరారు.

రత్నమాల ముఖం మొదటిసారి వికసించింది. "శుభమండి! పెండింగు ఒక్కటీ లేదు. ఇవాళ ఖాతా మూసేయొచ్చు."

"గెలిచినం!" అన్నాడు అన్న. చప్పట్లు మోగాయి.

"కాకపోతే బిర్యానీ హోటలు బిల్లు ఆలస్యంగా వచ్చి పడిందండి. ఖాతా మైనస్‌లో ఉంది. పదకొండు వేల నాలుగు వందలు కట్టి సంతకం చేయాలి. మీలో ఖాతాదారెవరండి?"

చప్పట్లు ఆగాయి.

అన్న మైకు అందుకున్నాడు. పరమేష్ అలవాటుగా చీటీ అందించాడు. అన్న దానివైపు చూడనైనా లేదు. ఆరేళ్లలో మొట్టమొదటిసారి చీటీ లేకుండా, తడబాటు లేకుండా, చౌరస్తా చివరిదాకా వినబడేలా, ఇంటిపేరుతో సహా పలికాడు:

"గుండమోని పరమేష్!"