పుష్పకుమారి గారికి రెండు గ్లాసులు

చిత్రసీమలో మహిళా కళాకారుల ఆరోగ్యం ఇక గాడిన పడినట్టే. ఫిల్మ్ నగర్‌లో రాజభవనం సెట్ వేసి సినిమా తీస్తున్న నిర్మాత బసవపున్నయ్య గారు, షూటింగ్‌కు వచ్చే ప్రతి స్త్రీకి రోజూ రెండు గ్లాసుల క్రాన్‌బెర్రీ రసం ఉచితంగా పోయించాలని నిర్ణయించారు.

ఈ సత్కార్యానికి మూలం పుష్పకుమారి గారు. ఆవిడది హీరో తల్లి వేషం. సెట్ దగ్గర మరుగుదొడ్డి ఉన్నది నాలుగు క్యారవాన్లలోనే. ఒకటి హీరోది, ఒకటి హీరోయిన్‌ది, ఇంకొకటి హీరోకి కండలు పెంచే మాస్టారిది, చివరిది హీరోగారి కుక్కది. తల్లులకు క్యారవాన్ ఇచ్చే ఆచారం లేదు. అందుకని ఆవిడ వెంగళరావు నగర్‌లో ఇల్లు దాటాక మంచినీళ్లు ముట్టరు, ప్యాకప్ చెప్పేదాకా ఆపుకుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ జ్వరంతో మంచం పట్టినప్పుడు, "నీళ్లు బాగా తాగండి, ఆపుకోకండి" అన్నారు డాక్టరు గారు. ఆవిడ వచ్చి ప్రొడక్షన్ మేనేజర్ ఓంప్రకాష్‌ను ఒక మరుగుదొడ్డి అడిగారు. ఇన్నేళ్ల నటజీవితంలో నోరు తెరిచి అడిగిన సౌకర్యం అదొక్కటే.

అంత చిన్న కోరిక తీర్చడం నిర్మాత హోదాకు తక్కువ కదా. బసవపున్నయ్య గారు జూబ్లీహిల్స్‌లో తారలకు ఆరోగ్య సలహాలిచ్చే రఘునందన్ గారిని పిలిపించారు. క్రాన్‌బెర్రీ అమెరికా వారి దివ్యమూలిక అనీ, అది తాగినవారి జోలికి క్రిములు రావనీ ఆయన సెలవిచ్చారు. చూడటానికి మన వాక్కాయలాగే ఉందని ఎవరో అంటే నొచ్చుకున్నారు. వాక్కాయ పప్పులో వేసుకునేది. విమానమెక్కి రానిదానికి మూలిక హోదా ఎలా ఇస్తారు?

పథకం ప్రారంభోత్సవం సెట్‌లోనే జరిగింది. వేదిక వెనక రాజావారి స్నానాల గది. బంగారు రంగు కుళాయిలు, పాలరాతి కమోడ్. గొట్టాలు మాత్రం లేవు, కెమెరాకు కనపడవు కాబట్టి. తొలి లబ్ధిదారు పుష్పకుమారి గారు రెండు గ్లాసులూ తాగారు. పులుపుకు మొహం ముడుచుకుంటే ఫొటో బాగా రాలేదని ఇంకో రెండు తాగించారు. ఆ తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి.

"ఓంప్రకాష్ గారూ, ఒకసారి వెళ్లి రావాలండీ," అన్నారావిడ మెల్లగా.

"జర ఆగమ్మా, సారు మాట్లాడుతుండు. అయినా ఏడికి పోతరు?"

"ఆ చివరి క్యారవాన్..."

"కుక్క గిప్పుడే పండుకున్నది."

ఇంతలో మైకు ఆవిడ చేతికి వచ్చింది. "రసం బాగుందండీ. తాగాక వెళ్లడానికి మరుగుదొడ్డి కూడా కట్టిస్తే మీ మేలు మరిచిపోం."

బసవపున్నయ్య గారు కరిగిపోయారు. "అమ్మా, మరుగుదొడ్డి కట్టిస్తే ఒక్కచోటే పడి ఉంటుంది. క్రాన్‌బెర్రీ అయితే మీతోపాటు ప్రతి లొకేషన్‌కూ వస్తుంది. పైగా వెనక చూడండి. ఇంత స్నానాల గది కట్టించిన మనిషి మీకు మరుగుదొడ్డి కట్టించలేదంటే లోకం నమ్ముతుందా?"

చప్పట్లు ఆగలేదు. అవి ఆగకముందే షాట్ సిద్ధమన్నారు. పగ తీర్చుకోవడానికి బయల్దేరిన కొడుకును తల్లి సాగనంపాలి. పుష్పకుమారి గారు పళ్లు బిగించి, పమిట పిడికిట్లో నలిపి, వణుకుతూ నిలబడ్డారు. కళ్ల నుంచి నీళ్లు వాటంతటవే జారాయి. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. గుర్తొచ్చి చెప్పేసరికి, పగ తీర్చుకోవలసిన కొడుకు ఇంకా గుమ్మం దాటనే లేదు, తల్లి ఆటో ఎక్కేశారు.

సినిమా వచ్చింది. ఆ సన్నివేశానికి ఏడవనివారు లేరు. మీరూ ఏడ్చారు. తల్లి బాధంటే ఇదీ అని పక్కసీటాయనతో అన్నారు కూడా. వెంటనే ఇంటర్వెల్ పడింది. మీరు కళ్లు తుడుచుకుని నేరుగా మరుగుదొడ్డికి నడిచారు. అక్కడ కాస్త వాసన వస్తోందని, థియేటర్ మేనేజర్‌ను పిలిపించి, మనుషులమనుకుంటున్నారా పశువులమనుకుంటున్నారా అని నిలదీశారు.