స్టోరేజీ పడిపోయిన శుభదినం

ప్రతి పెద్ద సంస్థలోనూ ఏడాదికి ఒక్కసారైనా స్టోరేజీ పడిపోవాలి. అందుకు చట్టం చెయ్యాలి. దానంతట అది పడకపోతే పడగొట్టడానికి ఒక అధికారిని నియమించాలి. ఆ అధికారి కోసం ప్రకటన ఇవ్వక్కర్లేదు లెండి, ప్రతి ఆఫీసులోనూ ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఆ పని మీదే ఉంటారు!

నవ్వకండి. నేను ఇరవై రెండేళ్లుగా ఒక పెద్దాసుపత్రి రికార్డుల విభాగంలో గుమాస్తాని. అనుభవంతో చెబుతున్నాను.

స్టోరేజీ అంటే తెలియనివారి కోసం ఒక్క ముక్క. మా ఆసుపత్రి కింది అంతస్తులో, ఏసీ గదిలో, మనిషెత్తు బీరువా ఒకటుంది. అరల నిండా డిస్కులు. తొమ్మిదేళ్లుగా మేం తీసిన ప్రతి ఎక్స్‌రే, ప్రతి స్కానూ అందులోనే ఉన్నాయి. పైన డాక్టరుగారు కంప్యూటర్లో పేరు కొడితే, సర్వర్ అనే యంత్రం ఆ బీరువాని అడిగి బొమ్మ తెచ్చి చూపిస్తుంది.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఎవరి పేరు కొట్టినా సర్వర్ "డిస్కులు లేవు" అంది. డిస్కులేమో పచ్చ దీపాలు వెలిగించుకుని నిక్షేపంగా ఉన్నాయి. సర్వర్ మాత్రం వాటి మొహం ఎన్నడూ ఎరగనట్టు కూర్చుంది.

దానివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి! ఎముకల డాక్టరుగారు చాలా ఏళ్ల తర్వాత రోగి మొహంలోకి చూశారు. మోకాలు చేత్తో పట్టుకుని "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగారు. ఆవిడ హడలిపోయి, "నాకంత ముదిరిపోయిందా డాక్టరుగారూ?" అని ఏడుపు లంకించుకుంది. పన్నెండేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ల్యాబు పెద్దాయన, మందుల కౌంటరు పెద్దావిడ కలిసి ఐటీ విభాగాన్ని ఏకకంఠంతో తిట్టారు. ఏ టీమ్ బిల్డింగ్ శిబిరం ఇంత ఐకమత్యం సాధించింది చెప్పండి?

ఇక నాకు జరిగిన మేలు. మా వదినకు ఆ రోజే పదకొండింటికి ఆపరేషను. కడుపులో గడ్డ. రెండేళ్లనాటి స్కానూ, ఇప్పటి స్కానూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ కత్తి పట్టనని సర్జనుగారు తేల్చేశారు.

అన్నయ్య ఆయాసపడుతూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "రికార్డులన్నీ నీ దగ్గరేగా? ఒక్క బొమ్మ తేలేవా?"

"నా దగ్గరుండవన్నయ్యా. కింద బీరువాలో ఉంటాయి."

"అయితే ఆ బీరువా తెరవరా!"

అన్నయ్య వెంట పైకి వెళ్లాను. వార్డులో వదిన స్ట్రెచర్ మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు నాయనా. కోస్తారో, ఇంటికి పొమ్మంటారో కాస్త కనుక్కో" అంది. గొంతులో భయం దాచుకోబోయింది గానీ దాగలేదు. నేను కిందికి పరుగెత్తాను.

గదిలో ఇరవై మంది ఉన్నారు. మధ్యలో ఐటీ మేనేజరుగారు. స్పీకర్ ఫోనులో బీరువా అమ్మిన కంపెనీ నిపుణుడు, ఆయన వెనకాల ఇంకో ముప్పై నలుగురు.

"రీస్టార్ట్ చేశారా?"

"చేశాం సర్."

"మళ్లీ చెయ్యండి."

పది నిమిషాలకొకసారి ఎవరో ఒక పెద్దమనిషి కొత్తగా లైన్లోకి వచ్చి, "నాకు మొదటి నుంచి చెప్పండి" అనేవాడు. మొదటి నుంచి చెప్పేవారు. అప్పుడే ఇంకొకాయన వచ్చేవాడు.

మూల స్టూలు మీద తాళాలమ్మ కూర్చుని ఉంది. అది మేం పెట్టుకున్న పేరు. ఆవిడ స్టోరేజీ ఇంజనీరు. ఎవరేం అడిగినా "ముందు మీకు యాక్సెస్ ఉందా?" అంటుందని ఆ పేరు. ఆ బీరువా సంగతి తెలిసిన మనిషి ఆ గదిలో ఆవిడొక్కతే. కాబట్టి ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. పద్ధతి అంటే అలా ఉండాలి!

చివరికి ఫోనులో నిపుణుడు తీర్పు చెప్పాడు. "కాన్ఫిగరేషన్ మొత్తం రీసెట్ కొట్టేయండి సర్. ఫ్రెష్‌గా పెట్టుకుందాం."

మేనేజరుగారు మౌస్ పట్టుకున్నారు. తెర మీద "ఖాయమేనా?" అన్న ప్రశ్న వెలిగింది. తాళాలమ్మ లేచి వచ్చి, మౌస్ తీగ పట్టుకుని ఊడబీకింది.

"ఏంటమ్మా ఇది!"

"అది నొక్కితే ఏ బొమ్మ ఏ డిస్కుల్లో ఉందో చెప్పే లెక్క చెరిగిపోతుంది సార్. డిస్కులు మిగులుతాయి. తొమ్మిదేళ్ల స్కాన్లు మిగలవు."

"మేడమ్ చెప్పేదీ ఒక కోణమే" అన్నాడు ఫోనులో నిపుణుడు, తన కోణం మెల్లగా సర్దుకుంటూ.

"నాకొక అరగంట ఇవ్వండి. చదవడానికి ఒక మనిషిని ఇవ్వండి" అంది తాళాలమ్మ.

ఆ గదిలో డిగ్రీలకు కొదవ లేదు. ఒక్కరూ కదల్లేదు. నేను చెయ్యెత్తాను.

ఆవిడ నా చేతికి టార్చి ఇచ్చి సర్వర్ వెనక్కి పంపింది. "ఈ బీరువా అడిగినవాళ్లందరికీ డిస్కులు చూపించదండీ. లోపల ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్న కార్డుకే చూపిస్తుంది. సర్వర్‌ని బీరువాతో కలిపే కార్డులు రెండు. ఒకటి పోయినా రెండోది ఉండాలని. పొద్దున ఒకటి కాలిపోయింది. రెండోది శనివారం కాంట్రాక్టు మనిషి కొత్తగా పెట్టి, జాబితాలో పేరు ఎక్కించిందే. మరి అదెందుకు పలకట్లేదు? దాని మీదున్న పేరు చదవండి, నేను జాబితాలో చూస్తాను."

పేరంటే పదహారు అంకెలూ అక్షరాలూ. చీమ తలకాయంత సైజులో స్టిక్కరు మీద ఉన్నాయి. నేను గోడకీ యంత్రానికీ మధ్య ఒంగి ఒక్కొక్కటే చదివాను. ఆవిడ "ఊఁ" కొడుతోంది. పదకొండో దాని దగ్గర "బీ" అన్నాను.

"ఊఁ" రాలేదు.

"మళ్లీ చెప్పండి."

"బీ. ఏ తర్వాత బీ."

"ఇక్కడ ఎనిమిది ఉందండీ."

కళ్లద్దాలు చొక్కాకి తుడుచుకుని మళ్లీ చూశాను. "బీయే తల్లీ. నా ఉద్యోగం మీద ఒట్టు."

ఆవిడ ఎనిమిది తీసేసి బీ కొట్టింది. సర్వర్‌ని మళ్లీ వెతకమంది. నాలుగు నిమిషాలకి పై అంతస్తు నుంచి ఎవరో "వచ్చేశాయ్!" అని పెట్టిన కేక మెట్ల మీదుగా కిందిదాకా వినబడింది.

వదినకు రెండింటికి ఆపరేషను చేశారు. గడ్డ పెద్దగా పెరగలేదట, శుభ్రంగా తీసేశారు. సాయంత్రం కళ్లు తెరిచి "ఇంతసేపు ఏం చేశార్రా?" అంది. "ఒక అక్షరం దిద్దాం వదినా" అన్నాను. మత్తు తనకిచ్చారా నాకిచ్చారా అన్నట్టు చూసింది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. శనివారం మధ్యాహ్నం నుంచీ ఆ బీరువా నోరు మూసుకుని లేదు. "ఒక దారి మూసుకుపోయింది" అని గంటకొక ఈమెయిల్ పంపుతూనే ఉంది. మొత్తం అరవై ఏడు! అన్నీ రెండేళ్ల క్రితం రిటైరైన ఒక పెద్దాయన మెయిల్‌బాక్సులోకి వెళ్లాయి. ఆ చిరునామా మార్చమని తాళాలమ్మ నాలుగుసార్లు రాసింది. ఆ నాలుగూ మేనేజరుగారి మెయిల్‌బాక్సులో తెరవకుండా భద్రంగా ఉన్నాయి.

విచారణ కమిటీ మూడు వారాలు కూర్చుని నలభై పేజీలు రాసింది. మేనేజరుగారి సమయస్ఫూర్తికి ప్రశంసాపత్రం వచ్చింది. కాంట్రాక్టు కంపెనీకి మరో మూడేళ్లు పొడిగింపు దక్కింది. తాళాలమ్మకు మెమో ఇచ్చారు. ముందస్తు అనుమతి లేకుండా కాన్ఫిగరేషన్‌లో ఒక అక్షరాన్ని ఎందుకు మార్చితిరి? సంస్థకు చెందిన మౌస్‌ను ఎందుకు పెరికితిరి?

ఆవిడ ఆ కాగితం చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. "అనుమతి అడిగి ఉంటే మీ వదినగారు ఇంకా ఆ స్ట్రెచర్ మీదే ఉండేవారండీ" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. తర్వాతి వారం రాజీనామా ఇచ్చి వేరే ఊరు వెళ్లిపోయింది. వీడ్కోలు సభకు మేనేజరుగారికి తీరిక దొరకలేదు.

కమిటీ సిఫారసు మేరకు హెచ్చరికల చిరునామా మాత్రం మార్చారు. ఇప్పుడవి క్రమం తప్పకుండా తాళాలమ్మ మెయిల్‌బాక్సులోకి వెళుతున్నాయి. ఆవిడ వెళ్లిపోయి ఇరవై రోజులైంది.

నాకూ ఒక మెమో వచ్చింది. సంబంధం లేని విభాగపు గుమాస్తా సర్వర్ గదిలో ప్రవేశించి, ఎవరి ఉత్తర్వుపై బీ అను అక్షరమును బిగ్గరగా చదివెను? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఇచ్చాను. ఒక్క వాక్యం: "అయ్యా, ఎవరో ఒకరు చదవాలి కదా!"

నెల కావస్తోంది. జవాబు లేదు. చదివి ఉండరు.