పాలకేంద్రం గోడ మీద నా గ్రూపు

సూదంటే నాకు భయమని మీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడెలాగూ ఊరంతా నవ్వింది కాబట్టి మీరూ నవ్వేయండి.

మా ఉద్దానం ఊళ్లో పాలకేంద్రం గోడ మీద అందరి పేర్లూ, పక్కన రక్తం గ్రూపులూ రాసి ఉంటాయి. పలాస ఆసుపత్రిలో ఎవరికి రక్తం కావాలన్నా ఆ గోడ చూసి మనిషిని బండెక్కిస్తారు. ఐదేళ్ల కిందట ఆ గోడ మీద పేర్లు రాసే యువరాజు నా గ్రూపు అడగడానికి వచ్చేసరికి నేను జీడితోటలో పడుకుని ఉన్నాను. పూత వాసన, సముద్రం గాలి, సగం నిద్ర. ఆ మగతలోనే పథకం తట్టింది. ఏబీ వాళ్లు ఎవరి రక్తమైనా ఎక్కించుకోవచ్చు, ఇవ్వడం మాత్రం మరో ఏబీకే. మా ఊళ్లో ఏబీ ఒక్కరూ లేరు. నాది ఓ పాజిటివ్. కళ్లు తెరవకుండానే ఏబీ పాజిటివ్ అని రాయమన్నాను.

అప్పటినుంచీ హాయిగా బతికాను. ఇవ్వాలని ఉన్నా కుదరదు పాపం అని ఊరు నా మీద జాలిపడేది. నేనూ నిట్టూర్చేవాడిని.

మొన్న పక్కూళ్లో ఉండే మా అత్త నూకమ్మ వాళ్ల పెరట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. పలాసలో ఆపరేషను. సాయంత్రంలోగా రక్తం కావాలన్నారు. ఆమె గ్రూపు ఏబీ పాజిటివ్. అత్తవారి తరఫు వాళ్లంతా నా వైపు దేవుణ్ణి చూసినట్టు చూశారు. మా ఆవిడ గౌరీశ్వరి ఇద్దామంటే ఆమెకే రక్తం తక్కువని డాక్టరు వద్దన్నాడు.

గౌరిని పక్కకు పిలిచి నిజం ఒప్పేసుకున్నాను. సిగ్గేసింది గానీ, గ్రూపు కలవదు కాబట్టి ఇంటికి పంపేస్తారని లోపల తేలిగ్గానే ఉంది.

గౌరి కోప్పడలేదు. "ఓ గ్రూపైతే అమ్మకి పనికిరాదని ఎవులు సెప్పారు మావా? ఏబీకి ఎవులదైనా ఎక్కుతాది. ఇద్దరిదీ పాజిటివే. నడు."

నా పథకంలో ఆ సగం భయంలో నేనే మర్చిపోయాను.

"నాది ఏబీ కాదని నీకు ముందే తెల్సా?"

"మన అశ్విని ఇంటర్లో ఈ పాఠం సదివిన కాడినుంచీ తెల్సు. దానిది ఓ. తండ్రిది ఏబీ అయితే బిడ్డకి ఓ రాదంట. అంటే మనిద్దర్లో ఎవులో ఒకరు అబద్ధం. నాను కాదు గదా."

వెళ్లి రక్తం తీసే కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాను.

సూది గుచ్చాక గది మెల్లగా దూరమైపోయింది. మళ్లీ జీడితోటలో ఉన్నట్టుంది. పెళ్లైన కొత్తలో నా కాల్లో ముల్లు దిగి ఏడుస్తుంటే అత్త ఒడిలో కాలు పెట్టుకుని తీసింది. అల్లుడు ఏడ్చాడని ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. ఆ తోటలోనే అత్త కర్ర లేకుండా నడిచి వస్తోంది, చీర కొంగులో జీడిపళ్లు. నాకు ఆమె అంటే ఇంత ప్రేమ ఉందని ఆ కుర్చీలోనే తెలిసింది. నర్సు లేపి బిస్కెట్టు చేతిలో పెట్టింది.

ఆపరేషను బాగా జరిగింది. మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వకూడదని ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మూడు నెలల్లో ఊరు మర్చిపోతుందిలే అనుకుంటూ బయటికి చూస్తే, గౌరి ఫోనులో యువరాజుతో ఏదో చెబుతోంది.

ఊరికి రాగానే ముందు పాలకేంద్రం దగ్గరికే వెళ్లాను. నా పేరు పక్కన ఏబీ కొట్టేసి ఓ పాజిటివ్ అని రాసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు. దాని కింద మూడు నెలలు నిండే తేదీ కూడా వేయించింది గౌరి.